కాదు మేడమ్

ఉదయం తొమ్మిదికల్లా ల్యాబు తలుపు తీసి, కిటికీలు బార్లా తెరిచి, టీ కప్పు పక్కన పెట్టుకుని మేడమ్ ఒక్క మీట నొక్కేది. అంతే, నూట ఇరవై మంది విద్యార్థుల ప్రాజెక్టులు వరసగా పరీక్షకి నిలబడేవి. ఒక్కోదానికి ఇరవై టెస్టులు. ప్రోగ్రాము సరైన జవాబిస్తే కంప్యూటరు "హమ్మయ్య" అనేది, తప్పితే "అయ్యో" అనేది, అది రాసినవాళ్ల గొంతుతోనే. ఆ ల్యాబులో మొదట్నుంచీ అంతే. మేడమ్ సగం మార్కులు తెర చూడకుండా చెవులతోనే వేసేసేది.

ఆ ఏడాది ప్రాజెక్టు, రోగికి ఏ మందు ఎప్పుడు ఎంత వెయ్యాలో చెప్పే ప్రోగ్రాము. మందులతో వ్యవహారం కదా, ఒక్క టెస్టు పోయినా కోర్సు తప్పినట్టే.

నర్సమ్మ వంతొచ్చింది. పగలంతా వార్డులో డ్యూటీ చేసి సాయంత్రం క్లాసుకొచ్చే నలభై రెండేళ్ల మనిషి. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఇదే ఆఖరి అవకాశం.

పంతొమ్మిది హమ్మయ్యలు వినిపించాయి. ఇరవయ్యోది ఎర్రగా వెలిగింది. కంప్యూటరు మాత్రం అయ్యో అనలేదు. నర్సమ్మ గొంతుతో "కాదు మేడమ్" అంది.

మేడమ్ మళ్లీ నడిపింది.

"కాదు మేడమ్." ఈసారి కాస్త గట్టిగా.

సాయంత్రం నర్సమ్మని పిలిచి అడిగింది. "పొద్దుటి మోతాదు మర్చిపోతే రాత్రికి ఎంత వెయ్యాలి?"

"రాత్రిది మాత్రమే."

"టెస్టు రెండూ కలిపి వెయ్యమంటోంది కదమ్మా."

"ఎవరు రాశారండీ అది? ఆ మందు రెండింతలు పడితే గుండె నెమ్మదించి మనిషి లేవడు. నా చేత్తో అలా వెయ్యను. మార్కులు పోతే పోనీండి."

మేడమ్ ముఖం చిన్నబోయింది. రాసింది తనే, ఆ ఏడాది మొదట్లో. అక్కడికక్కడే టెస్టు సరిచేసి అందరివీ మళ్లీ నడిపింది. పాత టెస్టు చెప్పినట్టే రెండూ కలిపి వేయించిన తక్కిన నూట పంతొమ్మిది గొంతులూ "అయ్యో" అన్నాయి.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో పెద్ద పంచాయితీ అయింది.

"అందరూ తప్పు, ఆవిడొక్కతే ఒప్పా?"

"అవును సార్. అసలు తప్పింది నేను. వాళ్లకి వారం గడువిద్దాం. ఆవిడకి ఇవాళే పాసు."

ఆయన కళ్లజోడు సవరించుకుని సంతకం పెట్టాడు.

యూనిఫాంలోనే పరుగున వచ్చిన నర్సమ్మ, వరండాలో నిలబడి ఫలితం రెండుసార్లు చదువుకుంది. మేడమ్ ఇంకో కాగితం అందించింది. "ఇకమీదట ఈ టెస్టులు మీరే రాయాలి. ఇది ఉద్యోగమే, సాయం కాదు."

నర్సమ్మ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"రేపు డ్యూటీ ఉంది, ఎల్లుండి వస్తాను. ముందు ఆ మిగతా పంతొమ్మిది టెస్టులూ ఓసారి చూపించండి మేడమ్."