అతుకు మీద ఎర్ర చుక్క

“ఇంటర్వ్యూలో నోరు పెగలకపోతే ఎలాగే? కళ్ళు తిరిగి పడిపోతే?” గిన్నెలు తోముతూనే అడిగాను.

“పడితే లేస్తావులే అమ్మా.” మా అమ్మాయి గట్టు మీద కూర్చుని ప్రశ్నల కాగితం చూస్తోంది. “గెయిన్ అంటే?”

“లోపలికి పంపిన సిగ్నల్ ఎన్ని రెట్లై బయటికొచ్చిందో, అది.”

“నాయిస్?”

“అక్కర్లేకుండా సిగ్నల్లో కలిసేది.”

“మీ అమ్మ మాట్లాడేదంతా అదే,” అన్నాడు మా ఆయన, గుండీలు పెట్టుకుంటూ.

ఆయనది ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపు. ముందు కౌంటరు, వెనక తెర, తెర వెనక పదిహేనేళ్ళుగా నేను. అన్నం ఉడికేలోగా కాలిన కెపాసిటర్లు విప్పేదాన్ని, పిల్ల నిద్రపోయిన గంటలో కొత్తవి సోల్డరింగ్ చేసేదాన్ని. “మీ చేతిలో ఏదో ఉందండీ!” అని కస్టమర్లు ఆయన్ని మెచ్చుకునేవారు. ఆయన “అనుభవమండీ” అని, తెర పక్కకి జరిపి “రెండు టీలు” అనేవాడు. “కోడలు చేస్తోందని బయట అనకురా, సెట్టు ఇచ్చే నాథుడుండడు,” అనేది మా అత్తగారు. నేనూ అనలేదు. నా భయం నాది. ఏ అతుకు ఊడి ఎవరి ప్రాణం మీదికి వస్తుందోనని, చేసిన ప్రతి అతుకు మీదా ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టేదాన్ని. సెట్టు తిరిగొస్తే నేనెక్కడ చెయ్యి పెట్టానో తెలియాలిగా.

మైకు సెట్లు తయారుచేసే కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం ఉందని తెలిసి అర్జీ పెట్టాను. ఒక్కదాన్నైతే తడబడతానని ఇంటర్వ్యూకి ఆయన తోడొచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

“ఫీడ్‌బ్యాక్ అంటే?” అడిగింది ఇంజనీరమ్మ.

“స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకి పోయి, పెరిగి పెరిగి కీచుమనడం మేడమ్.”

“హమ్ వస్తే?”

“ఆ గుర్రుమనే మోతకి ముందు గ్రౌండ్ అతుకు చూస్తాను.”

“ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారు?”

“మా ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను.” అలవాటైన అబద్ధం, తడుముకోకుండా వచ్చేసింది.

ఆవిడ బల్ల కింద నుంచి తమ కంపెనీ పాత సెట్టు ఒకటి తీసి మూత విప్పింది. లోపల మా షాపు చీటీ. గ్రౌండ్ వైరు అతుకు మీద ఎర్ర చుక్క.

“ఈ అతుకు ఎవరు వేశారు?”

ఆవిడ మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. అయిపోయింది, అది ఊడి ఎవరికో షాక్ కొట్టింది. మైకు పట్టుకున్న మనిషి అక్కడికక్కడే పోయి ఉంటాడు. పోలీసులొస్తారు. సాయంత్రం పిల్ల స్కూలు గేటు దగ్గర ఒక్కతే నిలబడి ఉంటుంది.

ఏ సెట్టు చూసినా “నేనే” అనే మా ఆయన గోడ మీది గడియారం చూస్తున్నాడు. “షాపన్నాక ఎవరెవరో చేస్తుంటారు మేడమ్...” అని ఆగిపోయాడు. ఎవరెవరో లేరు. ఆయనకి తెలుసు.

వంగి ఆ అతుకు చూశాను. నున్నగా, నిండుగా, చెక్కుచెదరకుండా ఉంది. ఒకవేళ నాకు కనబడని తప్పేదైనా అందులో ఉంటే, అది కూడా నాదే.

“నేనే మేడమ్,” అన్నాను. “ఆ షాపులో ప్రతి అతుకూ నేనే వేశాను.”