సూప్‌లో ఉప్పు

ఆ బస్సు డిపో క్యాంటీన్‌లో డ్రైవర్లు సూప్ ఒక గుక్క తాగి ఒక పిల్ల ఒంట్లో ఎలా ఉందో చెప్పేవారు.

ఆ పిల్లని అందరూ పిడుగు అనేవారు, వంట చేసేది వాళ్లమ్మ. పిడుగుకి పాలపళ్లు ఊడే వయసులోనే షుగర్ వచ్చింది. అప్పట్నుంచీ తల్లి నాలుక కూతురి నెత్తురు వెంట నడుస్తోంది. పిల్లకి షుగర్ పెరిగితే తల్లి నోటికి అన్నీ తియ్యగా తగిలేవి, గుప్పిళ్లతో ఉప్పు గుమ్మరించేది. పడిపోతే అన్నీ ఉప్పగా తగిలేవి, ఉప్పు డబ్బా మూతే తీసేది కాదు. ఇందులో వింతేముంది? కొందరికి వాన సంగతి మోకాళ్లు చెప్తాయి, ఈవిడకి కూతురి సంగతి నాలుక చెప్తుంది.

“అక్కా, ఇవాళ సూప్ చప్పన” అని మీసాల డ్రైవర్ లేచాడంటే, గ్లూకోజ్ పొట్లం జేబులో వేసుకుని బడి ముందు బస్సాపడానికే. ప్రయాణికులు గొణిగేవారు కూడా కాదు.

ఇప్పుడు పిడుగు పెద్దదైంది. తిండిని బట్టి ఇన్సులిన్ లెక్క తనే కట్టుకుంటుంది, సూది తనే వేసుకుంటుంది. ఇంజన్లు బాగుచేసే కోర్సులో సీటొచ్చింది. దూరం, హాస్టల్లో ఉండాలి.

“సూప్ కుదురుగా ఉంటే వెళ్దువుగాని” అంది తల్లి.

ఆ మాట అన్న దగ్గర్నుంచీ సూప్ ఒకటే ఉప్పు. డ్రైవర్లు నీళ్ల జగ్గు పక్కన పెట్టుకుని తాగారు.

“దొంగచాటుగా ఏం మెక్కుతున్నావే?” ఇంటికొస్తూనే తగులుకుంది తల్లి.

“ఏం తినలేదమ్మా.”

“నా నాలుకకే అబద్ధం చెప్తావా? మంచినీళ్లు కూడా తియ్యగా తగులుతున్నాయి! హాస్టల్ మాట మర్చిపో.”

పిడుగు మీటరు తెచ్చి, తల్లి కళ్లెదుటే వేలు గుచ్చుకుంది. అంకె బుద్ధిగా ఉంది.

“మిషన్ పాడయ్యుంటుంది.”

“మందుల షాపులో చూపించుకున్నా ఇదే అంకె. ఆ మిషన్ కూడా పాడైందా? పోనీ లోకంలో మిషన్లన్నీ పాడైపోయాయి, నీ నాలుకొక్కటే బాగుంది!”

తల్లి గ్లాసెడు నీళ్లు గటగటా తాగింది. మళ్లీ ముంచుకుంది. మూడో గ్లాసు దగ్గర పిడుగు నోట్లో తిట్టు నోట్లోనే ఆగిపోయింది. జబ్బు బయటపడే ముందు తనూ ఇలాగే తాగేదట.

“అమ్మా, వేలియ్యి.”

“నాకెందుకే?”

“ఇయ్యి. మధ్యలో కాదు, పక్కన గుచ్చాలి. నొప్పుండదు.”

“నేను నేర్పిందే నాకు నేర్పుతున్నావా!” అంటూనే చెయ్యి చాచింది.

అంకె బాగా ఎక్కువుంది. నాలుక అబద్ధం చెప్పలేదు. ఎవరి నెత్తురో చెప్పలేదు, అంతే.

“నేను వెళ్లను. నిన్నెవరు చూస్తారు?” అంది పిడుగు.

“నోర్ముయ్యి. ఇన్నేళ్లూ నిన్ను చూసినదాన్ని, నన్ను చూసుకోలేనా? నా నాలుక పట్టుకోలేనిది నువ్వు పట్టుకున్నావు. ఇంక నీకు కాపలా ఎందుకు? సంచి సర్దుకో.”

డాక్టరు తల్లికి మాత్రలు రాశాడు. సూప్ కుదురుకుంది. పిడుగు బస్సెక్కింది. తోలింది మీసాలాయనే.

అక్కడ వర్క్‌షాపులో ఒక మధ్యాహ్నం, చేతులనిండా గ్రీజుతో, పిడుగు సీసా ఎత్తి నీళ్లు తాగింది. తియ్యగా తగిలి ఆగింది. చేతులు కడుక్కుని వేలు గుచ్చుకుని చూసుకుంది. తనకంతా సరిగ్గానే ఉంది. ఫోన్ తీసింది.

“అమ్మా, మాత్ర వేసుకున్నావా?”

అవతల మాత్రల డబ్బా మూత తీసిన చప్పుడు.

“ఎవరే నీకు చెప్పింది? ఆ మీసాలాడేనా?”

“కాదమ్మా” అంది పిడుగు. “నీళ్లు.”