తాళం ఇచ్చే చెయ్యి

తెల్లారినప్పటి నుంచి మబ్బు కదలలేదు. కురవదు, విడవదు. సముద్రం వైపు నుంచి రావాల్సిన గాలి కరకట్ట అవతలే ఆగిపోయింది. ఆ ఉక్కలో తిరుపతిరావు, తుడిచిన జీపునే మళ్ళీ తుడుస్తున్నాడు.

అది నాలుగు చక్రాలూ లాగే డీజిల్ ఫోర్‌వీల్ జీపు. వెంకటకృష్ణారావు దాన్ని పాతదే కొని, చల్లపల్లి దాటాక ఉన్న తన రొయ్యల చెరువుల గట్ల మీద ఆరేళ్ళు మేత బస్తాలు మోయించాడు. ఇప్పుడు అమ్ముతున్నాడు. మొన్న విజయవాడ పంపి అడుగంతా నల్లరంగు కొట్టించాడు. ఆ రంగు కింద ఏముందో ఆయనకూ, తోలే తిరుపతిరావుకూ తెలుసు.

కొనేది సుబ్బరత్నం, ఏటి లంకలో ఆడకూలీల ముఠా మేస్త్రి. పసుపు తవ్వకానికి వెళ్ళినా, నాట్లకు వెళ్ళినా మూడు వందల యాభై కూలిలో అరవై ఆటోకే పోతోంది. వాన పడితే లంక దారిలో ఆటో దిగదు. అందుకే ముఠా అంతా తలా కొంత వేసుకుని ఈ బండి కొంటోంది.

ఆ వైపు ఒక పద్ధతి ఉంది. పాత బండి చేతులు మారేటప్పుడు తాళం యజమాని ఇవ్వడు, తోలినవాడు ఇస్తాడు. అతను ఇచ్చాడంటే బండిలో దాపరికం లేదని అర్థం. ఆ తర్వాత అందరూ ఒక వరసలో కూర్చుని అన్నం తింటారు. యజమాని భార్య హైమవతి అప్పటికే వంట ముగించింది.

ఎలా చూసుకోవాలో చెప్పమని సుబ్బరత్నం అడిగింది. ఇవాళ వెంట రాని, బండి తోలబోయే తన తమ్ముడు జాన్‌బాబుకి ట్రాక్టరు తప్ప మరోటి తెలియదంది.

తిరుపతిరావు చెప్పాడు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆయిలు కొలిచే పుల్ల తీసి చూడాలి. డీజిల్ ఫిల్టరు అడుగున చేరే నీళ్ళు మర వదులు చేసి దించాలి. వారానికోసారన్నా బురదలో ఫోర్‌వీలు గేరు వేసి కాస్త దూరం నడపాలి, ఊరికే ఉంచితే బిగుసుకుపోతుంది. చెబుతుంటే తన గొంతు తనకే పరాయిగా ఉంది. అసలుది ఒకటి చెప్పకుండా దాటేశాడు. ఉప్పునీటి గట్ల మీంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో అడుగు కడగాలి.

మొదట్లో కడిగేవాడు. తుప్పు పడుతున్న బ్రేకు పైపులు మార్పించమంటే వెంకటకృష్ణారావు ‘నడుస్తందిగా’ అనేవాడు. అడిగి అడిగి ఊరుకున్నాడు. ఆయనకి లేని బాధ తనకెందుకని కడగడమూ మానేశాడు. బోరు ఇంటి ముందే ఉంది. ఆ నీళ్ళకి ఎవర్నీ అడగక్కర్లేదు.

"ఇంతమంది ఆడోళ్ళం ఎక్కుతాం అన్నా. కట్ట మీద ఇటు ఏరు, అటు కాలవ. బ్రేకులు బాగుంటయ్యిగా?"

వెంకటకృష్ణారావు నవ్వాడు. "తిరుపతిరావు చేతిలో బండంటే పెళ్ళికూతురే సుబ్బరత్నం. ఆ ముస్తాబు చూడలా?" తమలపాకులో తాళం పెట్టి అతనికి అందించాడు. "ఇచ్చెయ్యవయ్యా, అన్నం చల్లారిపోతంది."

తిరుపతిరావు అందుకున్నాడు. ఎదురుగా ఉన్నది నెలకి పద్నాలుగు వేలిచ్చే మనిషి. కొత్త బండికీ నువ్వేనని మాటిచ్చిన మనిషి. సుబ్బరత్నం కొంగు పట్టి నిలబడింది.

అతను తాళాన్ని ఆకుతో సహా బానెట్ మీద పెట్టాడు.

"నేనివ్వనండి."

ఎందుకని వెంకటకృష్ణారావు అడిగాడు.  తిరుపతిరావు సీటు కింది గోనెపట్టా లాగి, బండి కింద పరిచి, పక్కకి జరిగాడు.

సుబ్బరత్నం కొంగు దోపుకుని, వెల్లకిలా పడుకుని కిందికి జరిగింది. గోటితో గీకిన చప్పుడైంది. నల్లరంగు పెచ్చుగా లేచి, దాంతోపాటు తుప్పు ఆమె చెంపల మీద రాలింది. బయటికొచ్చి గోనెపట్టా మీదే కూర్చుంది. యజమాని వైపు చూడలేదు.

"ఉప్పు తినేసింది," అంది. "నువ్వు కడిగేవోడివి కాదా అన్నా?"

"కడగలా."

ఇంతలో హైమవతి గుమ్మంలోంచి భోజనాలకి పిలిచింది. ఆమెకి ఏమీ తెలియదు, అన్నం వడ్డించేసింది. వడ్డించిన విస్తరిని వదిలి వెళ్ళడం ముగ్గురికీ చేతకాలేదు. తాళాన్ని బానెట్ మీదే వదిలి, కాళ్ళు కడుక్కుని వరసలో కూర్చున్నారు. రోజూ పెరట్లో తినే తిరుపతిరావుకి ఇవాళ నడవాలో చోటు దొరికింది.

హైమవతి పప్పు వేస్తూ ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసింది. వెంకటకృష్ణారావు అన్నం కలుపుతూనే ఉన్నాడు. సుబ్బరత్నం తలవంచుకుని తింటోంది. కాసేపటికి మాగాయ గిన్నెను తిరుపతిరావు విస్తరి దగ్గరికి జరిపింది. అతను దాన్ని ముట్టుకోలేదు. వట్టి పప్పన్నమే ముద్దలు చేసుకుని తిన్నాడు.