పైడమ్మ ఎర్ర పలక

మొదటి చెట్టు కూలినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఎవరో చెప్తే విన్నది కాదు. మంగళవారం, పొద్దున్న పది గంటలు. మన ఖుర్సీపార్ బస్తీ వెనకాల కాలవగట్టు మీదకి పొక్లెయిన్ ఒకటి వచ్చి, వేపచెట్టు మొదట్లో పళ్లు దింపి ఒక్క లేపు లేపింది. ముప్పై ఏళ్ల చెట్టు. వేళ్లతోపాటు ఒక సిమెంటు దిమ్మ కూడా పైకొచ్చింది. దానిమీద చచ్చిపోయినోడి పేరు ఉన్నాది. ఆయన కూతురు దుర్గాదేవి చెట్టుకి పొయ్యడానికి బకెట్టుతో నీళ్లు తెచ్చి, అక్కడే నిలబడి ఉన్నాది. బకెట్టు కింద పెట్టి ఒక్కటే అడిగినాది. "మాకు చెప్పాలి కదా?" డ్రైవరు తల తిప్పీసుకుని రెండో చెట్టు దగ్గరకి బండి నడిపినాడు.

కాలేజీ పిల్లలు, మిల్లుల్లో ఠేకా కాంట్రాక్టు పనోళ్లు, ఇంతమంది వచ్చినారు. కూకోండి. రేకులకి రంగు ఎండేలోగా చెప్పీస్తాను. నా పేరు సింహాద్రి. మిల్లులో కరెంటు పని చేసి రిటైరైనోడిని. సాగదీసి చెప్పడం నాకు చేతకాదు. మధ్యలో ఫోను తీసినోడికి మాత్రం చీవాట్లు తప్పవు.

ఈ కాలవ మన ఊరి ఉక్కు ప్లాంటు కన్నా పాతది. తెల్లోడి రోజుల్లో ఈ చుట్టుపక్కల ఊళ్లోళ్లు పార, తట్ట పట్టి తవ్వినారు. మైలురాళ్లు ఇంకా ఉన్నాయి, అంకెలు తడిమి చూడండి. తరవాత మా నాన్నలు శ్రీకాకుళం నుంచీ, విజయనగరం నుంచీ రైలెక్కి ఈ హిందీ ఊరికి పనికొచ్చినారు. బస్సుల్లేవు. ఈ గట్టు మీంచే నడిచి డ్యూటీకి పోయేవోరు. మే నెలలో ఎండదెబ్బకి దారిలోనే పడిపోయి లేవనోళ్లు ఉన్నారు. అప్పుడు మొదలైనాయి చెట్లు.

పద్ధతి ఏటంటే, పనోడు చచ్చిపోతే పదోరోజు కర్మ అయినాక ఇంటోళ్లు గట్టు మీద ఒక మొక్క నాటి, మొదట్లో పోయినోడి పేరు రాసిన దిమ్మ పెట్టాలి. ఆ మొక్క నుంచి తరవాతి మొక్క దాకా గట్టు ఆ ఇంటి వంతు. కలుపు పీకడం, గండి పడితే పూడ్చడం, నీళ్లు వదిలేముందు కాలవలోకి దిగి పూడిక తీయడం, అన్నీ ఆ ఇంటోళ్లవే. కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు. మూడు కిలోమీటర్ల దారి, రెండొందల పైచిలుకు చెట్లు. సాయంకాలం వచ్చి ఫోటోలు తీసుకుంటారే, ఆ నీడ ఏ ఆఫీసోడూ పెంచినది కాదు.

ఇప్పుడు ఏ ఆఫీసులోనో ఎవరికో ఈ గట్టు అందంగా కనబడింది. అందంగా ఉన్నాది కాబట్టి సుందరీకరణ చేస్తామన్నారు. చెట్లు కొట్టి, టైల్సు పరిచి, రెండు పక్కలా గేట్లు పెట్టి, టికెట్టు కొన్నోడినే లోపలికి వదుల్తారంట. ఠేకా తీసుకున్నది నరసింగరావు. పరాయోడు కాదు, ఖుర్సీపార్ గుంటడే. వాళ్ల నాన్న చెట్టు కూడా ఇదే గట్టు మీద ఉన్నాది. దాన్ని మాత్రం కొట్టకుండా చుట్టూ ఇనపకంచె వేయించుకున్నాడు.

ఆ మంగళవారం సాయంకాలమే మా కార్మిక సంఘం గదిలో మీటింగు పెట్టినాం. లోపల చోటు చాలక సగంమంది వీధిలో నిలబడ్డారు. గుమస్తాగా చేసి రిటైరైన వాసుదేవరావు అర్జీ రాసుకొచ్చి చదివినాడు. నాలుగు పేజీలు. రెండో పేజీలోనే యుగంధర్ లేచినాడు. ఠేకా వెల్డరు, ఇక్కడే పుట్టినోడు, తెలుగు కన్నా హిందీ బాగా వస్తాది వాడికి.

"అంకుల్, అర్జీ ఇస్తే ఫైల్లో పెడతారు. తబ్ తక్ చెట్లు ఖతమ్, ఒక్కటి మిగల్దు. రేపు బండి ముందర పడుకుందాం."

"పడుకుంటే కేసవుతాది," అన్నాడు వాసుదేవరావు. "నా కొడుక్కి అప్రెంటిస్ పిలుపు రావాల. పోలీసు కేసున్న ఇంటోడికి ఎవుడిస్తాడు పని?"

"మరి నాకు ఎవడిచ్చినాడు? పదేళ్లయింది, ఠేకాలోనే ఉన్నాను. మీ లెక్కన నేను మంచోడినే కదా."

ఒకడు చెట్లకోసం ఇంత రభస ఎందుకన్నాడు. ఇంకొకడు వాడి చొక్కా పట్టుకున్నాడు. అందరూ ఒక్కసారే మాటాడుతుంటే, వెనక వరసలోంచి పైడమ్మ లేచినాది. పోయిన అప్పలకొండ పెళ్లాం. అరవై అయిదేళ్ల మనిషి, పిల్లల్లేరు, ఇడ్లీ బండి పెట్టుకుని బతుకుతాది. గట్టు మీద అప్పలకొండ కానుగచెట్టు ఆమె వంతు.

"ఒరే బావూ, మీరందరూ మిల్లుల్లో చేసినోళ్లే కదా. స్విచ్చికి ఎర్ర పలక ఏలాడదీసేవోరు కదా. ఏటికి?"

కొత్తోళ్లకి చెప్తాను వినండి. మరమ్మతు కోసం మిషను లోపలికి దిగేముందు మనిషి తన పేరు రాసిన ఎర్రరేకు స్విచ్చికి తగిలిస్తాడు. పదిమంది దిగితే పది పలకలు. ఎవరి పలక వాళ్లే తీయాలి. ఇంకొకడి పలక ఆఫీసరు కూడా ముట్టుకోకూడదు. పలక ఉన్నంతసేపు మిషను ఆడకూడదు. జెండాలు వేరైనా, భాషలు వేరైనా ఈ ఒక్క విషయంలో ఈ ఊళ్లో పనోళ్ల మధ్య తగువు లేదు.

"గట్టు మీద పని చేస్తన్నది మనం," అన్నాది పైడమ్మ. "చెట్టుకో పలక, బండికో పలక ఏలాడదీద్దుం. ఎవుడు తీస్తాడో చూద్దుం." మళ్లీ కూకోబోతా, "తీసీవోళ్లూ ఉంటారనుకో. మా ఆయన పలక తీసీనేదేటి," అన్నాది.

ఆమె నా వైపు చూళ్లేదు. చూసి ఉంటే బాగుణ్ణు. లేచి నిలబడ్డాను.

"తీసింది నేనే," అన్నాను.

ఇరవై ఏడేళ్ల కిందటి మాట. ప్లాంటు కాదు, బయట ఒక ప్రైవేటు మిల్లు, ఇప్పుడది లేదు. కన్వేయరు కింద అప్పలకొండ పని చేస్తన్నాడు. స్విచ్ దగ్గర నా డ్యూటీ. షిఫ్టు ఇన్‌ఛార్జి వచ్చి, వాడు టీకి పోయినాడు, పలక తీసీ, ప్రొడక్షన్ పోతోంది అన్నాడు. నాకు రూలు తెలుసు. వంగి చూడాలనీ తెలుసు. వంగలేదు. పలక తీసినాను, బటను నొక్కినాను. ఆ చప్పుడు గురించి మీకు చెప్పను. ఎంక్వయిరీలో, కార్మికుడి సొంత అజాగ్రత్త, పలక తగిలించలేదు అని రాసినారు. సాక్షిగా కింద నేనే సంతకం పెట్టినాను. నౌకరీ నిలబడింది. ఆమెకి పరిహారం రాలేదు.

ఇదంతా ఆ గదిలో చెప్పినాను. ఎవరో నన్ను కొట్టడానికి ముందుకొచ్చినారు. పైడమ్మ చెయ్యి అడ్డంపెట్టినాది.

"నాకు తెలుసన్నా," అన్నాది. "ఇరవయ్యేడేళ్లు నా వంతు గట్టు మీద కలుపు నువ్వొచ్చి పీకుతుంటే తెలీదనుకున్నావేటి? ఎప్పుడు నోరిప్పుతావోనని చూసినాను. ఇప్పుడిప్పినావు. రేపు పొద్దున్నే రేకులు కత్తిరించడానికి రా."

క్షమించీసినాను అని అనలేదు. అనాలని నేనూ అడగలేదు.

బుధవారం బండికి డీజిలు రాలేదు, ఆ రోజంతా నూనెడబ్బాలు కోసినాం. ఇంటికొకటి. ఎర్రరంగు యుగంధర్ తెచ్చినాడు. వాసుదేవరావు చేతిరాత బాగుంటాదని బ్రష్షు ఆయనకే ఇచ్చినారు. ఆడోళ్ల పలకల మీద మొగుళ్ల పేర్లు రాస్తుంటే పైడమ్మ బ్రష్షు పట్టుకుని ఆపినాది. "పని చేస్తన్నది నాను. నా పేరు రాయి." మిగతా ఆడోళ్లూ అదే అన్నారు. ఆయన మళ్లీ రంగు పూసి, మళ్లీ మొదట్నుంచీ రాసినాడు.

గురువారం పొద్దున్న గట్టు పొడుగునా చెట్లకి ఎర్ర పలకలు. పొక్లెయిన్ తలుపుకి కూడా ముప్పై దాకా తగిలించినాం. మంగళవారం బండి నడిపిన డ్రైవరు ధనీరామ్ వచ్చినాడు. ఇక్కడి ఊరోడే, పదేళ్లు మిల్లులో ఠేకాకి చేసినోడు. పలకలు చూసి బండి చుట్టూ ఒకసారి తిరిగినాడు. బండి తాళంచెవి తీసి నరసింగరావు మనిషి చేతిలో పెట్టినాడు. "జేకర ట్యాగ్, ఓహీ హటాహీ," అన్నాడు వాడి భాషలో. ఎవరిది వాళ్లే తీయాలి అని. ఆ పూట కూలి పోతాదని వాడికి తెలుసు, అయినా సైకిలెక్కి వెళ్లిపోయినాడు.

మధ్యాన్నానికి నరసింగరావే కారులో వచ్చినాడు. "బాబాయ్, పెద్దోళ్లు మీరు. పిల్లాటలేటివి?" అన్నాడు. "పై నుంచి ఆర్డరుంది. రేపటికి ఖాళీ చెయ్యాల."

"మీ నాన్న చెట్టు కంచె తీసీ, అప్పుడు మాటాడదుం," అన్నాది పైడమ్మ. వాడు కారు అద్దం ఎక్కించుకున్నాడు.

శుక్రవారం మూడు వ్యాన్లు వచ్చినాయి. పోలీసులు తాడు కట్టి మమ్మల్ని గట్టు దిగువన నిలబెట్టినారు. ఖుర్సీపార్ అంతా అక్కడే ఉన్నాది. యుగంధర్ నినాదం అందుకున్నాడు. ఆడోళ్లు తాడుని నెట్టినారు, లాఠీలు లేచినాయి. నాకు భుజం మీద పడింది ఒకటి. ఈ గొడవలో ఒక సంగతి మేము సరిగ్గా చూసుకోలేదు, అది మా తప్పే. సోమవారం కాలవకి నీళ్లు వదలాలి. పూడిక తీసే రోజు శుక్రవారం. పోలీసులొచ్చినారని పైడమ్మ వంతు మానీ మనిషి కాదు. వాళ్లు రాకముందే పారతో కాలవలోకి దిగింది. దిగేముందు తన పలక వేరేగా, బండి లోపల చేతికడ్డీకి తగిలించి మరీ దిగింది. పై నుంచి చూస్తే మనిషి కనబడదు. పలక కనబడతాది.

నరసింగరావు వేరే ఊరి నుంచి కొత్త డ్రైవర్ని తెచ్చినాడు. తలుపుకున్న పలకలు వాడి మనుషులు గుంజి పారేసినారు. డ్రైవరు ఎక్కి, కడ్డీకున్న పలక చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నరసింగరావు మెట్టెక్కి ఆ పలక తనే పీకి, మట్టిలో విసిరినాడు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది ఆమె ఎక్కడుందో. తాడు దూరి పరిగెత్తినాను. "కింద మనిషుంది, ఆపండి" అని అరిచినాను. ఇద్దరు పోలీసులు నన్ను పట్టుకుని నేలకి నొక్కినారు. ఇంజను చప్పుడులో నా అరుపు వాళ్లకే వినబడలేదు. అప్పలకొండ కానుగచెట్టు గట్టుతోసహా కాలవలోకి జారిపోయింది.

గంటన్నర పట్టింది ఆమెని బయటకి తీయడానికి. తీసినది మేమే, పారలతో. ఆ పనికి పొక్లెయిన్‌ని మేం ముట్టనివ్వలేదు.

సాయంకాలం స్టేషన్లో కాగితం నా ముందర పెట్టినారు. మృతురాలి సొంత అజాగ్రత్త. హెచ్చరిక ఉన్నా పనిస్థలంలోకి దిగింది. సాక్షి సంతకం. పక్క కుర్చీలో నరసింగరావు. తనకి తెలుగు చదవడం రాదు, పలక మీద ఏం రాసుందో తెలీదు అని చెప్తున్నాడు. హిందీ బళ్లో చదివినాడు, నిజమే. ఎరుపు రంగు చదవడానికి ఏ బడికెళ్లాలి? వాడి తండ్రి అలాంటి పలక తగిలించి మిషన్లలోకి దిగి దిగి వాడిని చదివించినాడు.

"ఈ సంతకం నేను ఒకసారి పెట్టినాను," అన్నాను. "రెండోసారి పెట్టను. రాసుకోండి. పలక ఉన్నాది, తీసింది వీడు, నేను కళ్లారా చూసినాను. ఇరవై ఏడేళ్ల కిందట ఇంకొకటి కూడా ఉన్నాది, అది తీసింది నేను. అదీ రాసుకోండి."

వాళ్లు రాసుకోలేదు. నన్నూ యుగంధర్‌నీ లోపలేసినారు. పోలీసుల మీద దాడి చేసినామంట. నాకు అరవై ఎనిమిదేళ్లు, భుజం ఎముక విరిగి ఉన్నాది. నిన్ననే బెయిలు మీద బయటకొచ్చినాం. నరసింగరావు మీద ఇవాళ్టికీ కేసు లేదు.

ఇవాళ పదోరోజు. ఆమెకి పిల్లల్లేరు, మొక్క ఎవరు నాటాలి అని పొద్దున్న కర్మ దగ్గర వాసుదేవరావు అడిగినాడు. అడిగి, జవాబు కోసం చూడకుండా తనే పార పట్టుకున్నాడు. కొడుకుని కూడా తెచ్చినాడు. ఆ వంతు ఇంక అందరిదీ.

బండి అదిగో, అక్కడే ఉన్నాది. మట్టిలో విసిరిన పలక దుర్గాదేవి వెతికి తెచ్చి, కడిగి, మళ్లీ ఆ కడ్డీకే తగిలించినాది. ఈ పది రోజుల్లో నరసింగరావు ముగ్గురు డ్రైవర్లని తెచ్చినాడు. ధనీరామ్ డ్రైవర్ల బస్తీలో ఇల్లిల్లూ తిరిగి సంగతి చెప్పినాడు. ముగ్గురూ మెట్టెక్కి, పలక చూసి, దిగి వెళ్లిపోయినారు. ఎవరి పలక వాళ్లే తీయాలి కదా. పైడమ్మ వచ్చి తీస్తే, బండి కదుల్తాది.

రేపు పొద్దున్న మళ్లీ వ్యాన్లు వస్తాయని ఖబరు. ఈసారి ఎక్కువ వస్తాయంట. రంగు ఎండింది. బ్రష్షు ఇదిగో. నన్ను రాయమని అడక్కండి, ఎవరి పేరు వాళ్లే రాసుకోండి.