మొదటి వెయ్యి కిలోమీటర్లు

కారు ఆషాఢంలోనే సిద్ధమైందని కబురు వచ్చినా, శ్రావణ శుక్రవారం దాకా ఆగి ఇంటికి తెచ్చుకున్నాం. డబ్బు కట్టి ఏడేళ్లు ఆగినవాళ్లకు ఇంకో మూడు వారాలు లెక్క కాదు. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, హారతి ఇచ్చి, నాంపల్లిలో మా వీధివాళ్లంతా వచ్చి చూసి వెళ్లాక, డాష్‌బోర్డు అరలో ఉన్న చిన్న పుస్తకం తీసి చదివింది నేనొక్కదాన్నే.

కొత్త ఇంజనును ఎలా నడపాలో పదకొండో పేజీలో ఉంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఏ గేరులో ఎంత వేగం దాటకూడదో ఒక పట్టిక. దాని కింద ఇంకో రెండు వాక్యాలు. టాప్ గేరులో మరీ నెమ్మదిగా నడిపి ఇంజనుకు బరువు కలిగించరాదు. బండి నిలిపి ఉంచి ఇంజనును ఊరికే తిరగనివ్వరాదు. ఆ రెంటి కిందా పెన్సిలుతో గీత గీసి మావారికి చూపించాను.

“నెమ్మదిగా నడపమన్నాడు, అంతేగా?” అన్నారు.

“అంతే కాదు. మరీ నెమ్మదీ పనికిరాదన్నాడు.”

“జానకీ, ఆ మాత్రం నాకు తెలీదా?”

ఆయన హైకోర్టులో వకీలు. ఒక్క కామా కోసం గంటసేపు వాదించగలరు. ఆ రెండు వాక్యాలు మాత్రం ఆయన కంటికి ఆనలేదు.

నాకు కారు నడపడం వచ్చు. పెళ్లికి ముందు కాకినాడలో మా నాన్నగారి పాత బండి మీద నేర్చుకున్నాను. లైసెన్సు ఏనాడూ గడువు దాటనివ్వలేదు. ఎక్కడికి వెళ్లాలని అంత తొందర అంటే చెప్పలేను. నడపడం ఇష్టం, అంతే. ఆ సంగతి ఆయనకు తెలుసు కాబట్టే అడక్కముందే మాటిచ్చారు.

“వెయ్యి కిలోమీటర్లు నన్ను నడపనీ. తరవాత నీ చేతికే ఇస్తాను. కొత్త ఇంజను కదా, ఆడవాళ్ల చెయ్యి...” అని అక్కడికి ఆపేశారు.

మా ఇంటినుంచి హైకోర్టుకు వెళ్లి రావడం ఆరు కిలోమీటర్లు. సెలవులు తీసేస్తే నెలకు నూట ముప్ఫై. నేను స్టీరింగు పట్టుకునేసరికి ఎండాకాలం వస్తుందని తేలింది. దానికీ ఓర్చుకునేదాన్నే, ఆయన సరిగ్గా నడిపి ఉంటే.

వీధి మలుపు తిరగ్గానే టాప్ గేరు వేసేవారు. ఇక దిగేవారు కాదు. ఇరవై మీద పోతుంటే ఇంజను గుడగుడమంటూ వణికేది, దానితోపాటు అద్దాలూ, మా పాప చేతిలో పలకా. కొత్త ఇంజనని వెనకవాళ్లకు తెలిసేలా అద్దానికి పెయింటరు చేత ఎర్రక్షరాలతో రాయించిన ‘రన్నింగ్ ఇన్’ కాగితం ఒకటి. ఒక ఆదివారం మొజంజాహీ మార్కెట్టులో ఐస్‌క్రీం తిని అటునుంచి అబిడ్స్ మీదుగా వస్తుంటే, ఇద్దరు మనుషులూ ఒక ట్రంకు పెట్టే ఉన్న రిక్షా మమ్మల్ని దాటింది. రిక్షా అతను వెనక్కి తిరిగి, “ఏంది సార్, ఎనక నుంచి ధక్కా పెట్టాల్నా?” అని అరిచాడు. పాప పకపకా నవ్వింది.

“మూడో గేరు వేయండి, ఇంజను ఏడుస్తోంది,” అన్నాను.

“టాప్‌లో పోతే పెట్రోలు కలిసొస్తుంది. నువ్వు పాపని చూసుకో.”

ఆదివారం ఉదయాలు మరీ ఘోరం. ఇంజను స్టార్టు చేసి వాకిట్లో వదిలేసి, వరండాలో కూర్చుని పేపరు మొత్తం చదివేవారు. అలా చేస్తే ఇంజను సాగుతుందట. ఎవరు చెప్పారంటే, అందరూ చెప్పారట.

కార్తీకం వచ్చేసరికి మీటరు నాలుగు వందల పన్నెండు దగ్గరుంది. అప్పుడు వచ్చారు తాతారావుగారు, మా ఆడపడుచు భర్త. ఖైరతాబాదులో ఉంటారు. నేను అన్నయ్యగారూ అంటాను. కారు ఎక్కి, చుట్టూ ఒకసారి తిప్పి తెచ్చి, బానెట్టు మీద చరిచారు.

“ఒరేయ్ శ్రీరామమూర్తీ, దీన్ని పసిపిల్లలా పెంచుతున్నావురా! ఇలా అయితే జన్మలో ఫ్రీ అవదు. హైవే ఎక్కించి ఒక్కసారి తొక్కాలి. ఎల్లుండి బెజవాడలో పెళ్లికి రేపు మేం ఆరుగురం వెళ్తున్నాం. నేను ఫ్రీ చేసి తెచ్చిస్తా.”

“అన్నయ్యగారూ, కొత్త ఇంజను. ఆరుగురితో అంత దూరం వద్దండి. పుస్తకంలో...”

“పుస్తకం రాసినవాడు బెజవాడ రోడ్డు మీద నడిపాడా, చెల్లెమ్మా?”

మావారు కూడా నవ్వేశారు. బావమాట కాదనడం ఆయనకు చేతకాదు. ఆ రాత్రి, “ఒకవిధంగా మనకే మంచిది, వెయ్యి త్వరగా పూర్తవుతుంది,” అని నన్నే ఓదార్చబోయారు. మా వీధి చివరిదాకా కూడా నాకివ్వని కారు, తెల్లారేసరికి బెజవాడకు పోయింది.

నాలుగో రోజున తిరిగి వచ్చింది. మీటరు వెయ్యీ పద్దెనిమిది.

“సూర్యాపేట దాటాక తొంభై మీద కొట్టాను!” అన్నారు తాతారావుగారు. “రేడియేటరులో నీళ్లు రెండుసార్లు పొంగాయి గానీ, అది మామూలే. వెన్నలా పోతోందిప్పుడు.”

ఆయన వెళ్లాక మావారు తాళాలు నా చేతిలో పెట్టారు. “మాటంటే మాటే. ఇక నీదే,” అన్నారు సంతోషంగా.

కూర్చుని స్టార్టు చేశాను. వెనకనుంచి నీలం పొగ గోడ దాకా లేచింది. లోపల ఏదో రాసుకుంటున్న చప్పుడు. వెంటనే ఆపి దిగి, ఆయిలు పుల్ల తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూశాను. కింది గీతకు కూడా తడి తగల్లేదు.

“మెకానిక్కు దగ్గరికి వెళ్దాం. ఆయిలు పోయించి మీరే నడపండి,” అన్నాను.

“ఇన్నాళ్లూ కావాలన్నావు, ఇప్పుడు ఇస్తే వద్దంటావేం?”

స్టేషను వెనక సందులో రామచందర్ షెడ్డు. అతను ఒకసారి స్టార్టు చేయించి విని, తల అడ్డంగా ఊపాడు.

“కొత్త బండి గిట్లెట్ల చేసిన్రు సార్?” అని నావైపు తిరిగి, “అమ్మ నేర్చుకుంటున్నరా?” అన్నాడు.

మావారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నేను ఆగాను. ఒక అద్దం అయింది, రెండోదీ అయింది.

“నేనింకా దీన్ని ఒక్క గజం నడపలేదు, రామచందర్. మూడు నెలలు ఈయన టాప్ గేరులో ఇరవై మీద నడిపారు. మూడు రోజులు మా అన్నయ్యగారు తొంభై మీద నడిపారు,” అన్నాను.

“ఔనా! ఒకాయన నడ్వనియ్యలే, ఒకాయన ఉరికిచ్చిన్రు,” అని అతను పగలబడి నవ్వాడు. “పిస్టన్ రింగులు మార్చాలె, బోరు సాఫ్ చెయ్యాలె. ఎనిమిది దినాలు. మళ్ల కొత్త ఇంజన్ లెక్కనే, వెయ్యి కిలోమీటర్లు చూస్కుంట పైలంగ నడ్పాలె.”

ఇంటికి నడిచి వస్తూ మావారు, “పరాయివాళ్ల ముందు అలా చెప్పాలా?” అన్నారు. ఇంజను గురించి ఒక్క మాట లేదు.

ఎనిమిదో రోజున బండి అయిందని షెడ్డునుంచి మనిషి వచ్చాడు. మావారు కోర్టులో ఉన్నారు. నేనే వెళ్లాను. రామచందర్ పక్కన కూర్చోబోయాడు, వద్దన్నాను. అబిడ్స్ దాకా మూడో గేరులో పోయి, రోడ్డు ఖాళీగా ఉన్నచోట నలభై దగ్గర టాప్ వేశాను. ఇంజను ఎక్కడా గొణగలేదు. చాదర్‌ఘాట్ వంతెన దగ్గర తిప్పుకుని వచ్చాను. ఆ అరగంటలో, పెళ్లయిన పదేళ్లుగా ఎవరూ నాకివ్వనిది ఏదో నా చేతుల్లో ఉంది.

ఇంటి ముందు ఆపేసరికి మావారు కోర్టునుంచి వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. కారు చుట్టూ తిరిగి గీతలేమైనా పడ్డాయేమోనని చూశారు. ఏమీ లేవు.

“ఆదివారం బావ యాదగిరిగుట్టకు కారు అడిగాడు,” అన్నారు.

“ఇవ్వనని చెప్పండి.”

“నేనెలా చెప్తానే? ఏమని చెప్పను?”

“వెయ్యి అయ్యేదాకా జానకి ఒక్కతే నడుపుతుందని చెప్పండి. మీకు మొహమాటమైతే నేనే చెప్తాను.”

ఆయన లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు కోర్టు దగ్గర దింపుతానన్నాను. వద్దని సిటీ బస్సులో వెళ్లారు. నేను ఖాళీ కారు బయటికి తీశాను.