వంకరచెవి నీడ

ఆమె ఇంతవరకూ పైకి అనని మాట ఒకటుంది: మంద దగ్గర ఒంటరిగా ఉండాలంటే ఆమెకి భయం. నాన్న మోకాలు దెబ్బతిన్నప్పటి నుంచి గొర్రెల్ని ఆమే తోలుతోంది. "మా చిన్నదానికి భయమంటే ఏంటో తెలీదు" అని నాన్న వచ్చినవాళ్ళందరితో గొప్పలు పోతాడు. ఆ చిన్నది పొద్దువాలేసరికి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుంటుందని తెలిసింది ఒక్క వంకరచెవికే.

వంకరచెవి వాళ్ళ ఆడకుక్క. ఒక చెవి పైకి, ఒకటి కిందికి. ఒళ్ళంతా బూడిదా మట్టీ కలిపి చిలకరించినట్టు మచ్చలు. పోయిన నెల కొండవతల మంద ఎదురైనప్పుడు అక్కడి మగకుక్కతో పూటంతా కనపడకుండా పోయి అమ్మచేత తిట్లు తింది. ఆ జాతి కుక్కలన్నిటిలాగే అదీ సాయంత్రం దొడ్డి గేటుకి అడ్డంగా కాసేపు పడుకునేది. నీడ నేలకి బాగా పట్టుకున్నాక లేచి, దాన్ని అక్కడే వదిలేసి తిండికి ఇంటికొచ్చేది. తెల్లారేదాకా ఆ నీడదే కాపలా. తోడేలు దాన్ని దాటేది కాదు. "నీడని వదిలొచ్చిందా?" అని అమ్మ అడిగితే పొయ్యి కట్టేశావా అని అడిగినట్టే ఉండేది. వాన మొదలైతే, పాపం నీడ తడుస్తుంది, గోనెసంచి కప్పి రమ్మనేది.

ఆ రోజు పొద్దున, కుక్కల జాతులకి గుర్తింపునిచ్చే కెన్నెల్ క్లబ్బు నుంచి జడ్జి వచ్చాడు. తీసుకొచ్చింది బావ, అంటే అక్క మొగుడు. ఈ జాతికి క్లబ్బు గుర్తింపు తేవాలని కాళ్ళరిగేలా తిరిగినవాడు. అతని మాటలో నిజం లేకపోలేదు. ఈ కుక్కల్ని పెంచే ఇళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి. "పుస్తకంలో పేరెక్కని జాతిని ఎవడు పట్టించుకుంటాడు? మనతోనే సరి," అనేవాడు.

జడ్జి వరండాలో బల్ల వేయించి, కుక్కల్ని ఒక్కొక్కటిగా దానిమీద నిలబెట్టి టేపుతో కొలిచాడు. బావ పెంచిన మగకుక్క తేనెరంగు ఒళ్ళూ నిటారు చెవులూ వేసుకుని ఫొటోకి నిలబడ్డట్టు నిలబడింది. ఇంట్లో అందరూ దాన్ని పెళ్ళికొడుకు అంటారు.

"నమూనా అంటే ఇదండీ!" జడ్జి మురిసిపోయాడు.

వంకరచెవి బల్లమీద క్షణం ఆగలేదు. దూకి గొర్రెల వైపు వెళ్ళిపోయింది.

"చెవులు పనికిరావు. రంగూ అంతే."

"అది పని బాగా చేస్తుందండీ," అంది ఆమె.

"పనికి మార్కుల్లేవమ్మా."

నమూనాకి సరిపోని ఆడకుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తేనే ఆ ఇంటికి గుర్తింపు. అది క్లబ్బు నియమం. రేపు పొద్దున్నే పశువుల డాక్టరమ్మ వచ్చేలా బావ మాట్లాడేశాడు. అందాకా ఎటూ పోకుండా వంకరచెవిని సామాన్ల గదిలో పెట్టి గడియ వేశాడు.

"నాన్నా, నువ్వైనా చెప్పు."

నాన్న మోకాలికి మందు రాసుకుంటూ తలెత్తలేదు. "అల్లుడుగారు అన్నీ ఆలోచించే చేస్తారు. కాపలాకి కుక్కంటూ ఉంటే చాలు కదే, చెవులు ఎలా ఉంటే నీకేం?"

వంకరచెవికి వయసు మీదపడుతోంది. దానికిక పిల్లలు లేకపోతే, రేపు ఆ గేటు దగ్గర పడుకునేది పెళ్ళికొడుకూ వాడి సంతానమూ. మధ్యాహ్నమంతా ఆమె ఫోన్లో డాక్టరమ్మ నంబరు తీయడం, మూయడం. రావద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే ఆ మాట పైకి అనాలి.

పొద్దువాలుతుండగా బావ పెళ్ళికొడుకుని దొడ్డి దగ్గరికి తీసుకొచ్చాడు.

"చూడు మరదలా, ఇవాళ డ్యూటీ మావాడిది."

పెళ్ళికొడుకు గేటుకి అడ్డంగా అందంగా పడుకున్నాడు. లేవమంటే లేచాడు. నీడా లేచింది. మళ్ళీ పడుకోబెట్టారు. మళ్ళీ నీడ కాళ్ళకి అతుక్కుని వాడితోపాటే లేచొచ్చింది.

"ఆ నీడక్కూడా సర్టిఫికెట్ ఇస్తే గానీ పనిలోకి దిగదేమో బావా."

బావ నవ్వలేదు. "కొత్త కదా, అలవాటవుతుంది. ఒక్క పూటకి కొంపేం మునగదు," అంటూ జడ్జిని బస్సెక్కించడానికి వెళ్ళిపోయాడు.

అతని బండి చప్పుడు ఇంకా చెవుల్లో ఉండగానే గొర్రెలు ఒక మూలకి ఒరుసుకుపోయాయి. కంచె అవతల గడ్డి కదిలింది. తోడేలు. తొందరేం లేనట్టు నడిచొచ్చి, ఖాళీగా ఉన్న గేటు ముందు ఆగి నేలని వాసన చూసింది. అక్కడ ఏమీ లేదని దానికి అర్థమైపోయింది.

పెళ్ళికొడుకు వచ్చి ఆమె కాళ్ళ వెనక దూరాడు. ఆమె కర్ర పట్టుకుంది గానీ, రెండడుగులు వెనక్కే వేసింది. తోడేలు ముందుకాలు గేటు లోపల పెట్టింది.

అప్పుడు సామాన్ల గది తలుపు కిందనుంచి నల్లగా ఏదో జారింది. పెరడు దాటింది, నీళ్ళతొట్టి ఎక్కి దిగింది, ఆమె పాదాల మీదుగా చల్లగా పాకి వెళ్ళి గేటుకి అడ్డంగా పడుకుంది. ఒక చెవి పైకి, ఒకటి కిందికి. తోడేలు పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. కాసేపు చూసి, వచ్చిన దారినే పోయింది.

ఆమె గేటు దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. పాపం, గదిలో ఉండి కూడా పని మానలేదు అనుకుంటూ నీడ వైపు వంగింది. దాని పొట్టకి ఆనుకుని వేలెడంత నీడలు. లెక్కపెట్టబోతే ఒక్కటీ కుదురుగా ఉండదు. ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, దొర్లుతూ, మళ్ళీ వచ్చి గేటుకి అడ్డంగా వరస కడుతూ. ఇంకా పుట్టనే లేదు, అప్పుడే పనిలోకి వచ్చేశాయి. వాటిలో ఒకదానికి ఒక చెవి పైకి, ఒకటి కిందికి.

"ఏమే, నీడని వదిలొచ్చిందా?" వంటింట్లోంచి అమ్మ.

"ఆ, వచ్చిందమ్మా. పిల్లల్ని కూడా వెంటేసుకొచ్చింది."

గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. గేటు దగ్గర నేలని చూసింది, తర్వాత కూతుర్ని చూసింది.

"మరి రేపు డాక్టరమ్మ వస్తోందే. ఎందుకు వద్దంటున్నావని అడిగితే ఏం చెప్తావు?"

"నాకు భయమని చెప్తా," అంది. పైకే అంది.

అమ్మ లోపలికి నడిచింది. గోనెసంచి తెచ్చి చిన్న నీడల మీద కప్పి, సామాన్ల గది గడియ తీయడానికి వెళ్ళింది. ఆమె కర్ర కింద పెట్టి ఫోన్ చేతిలోకి తీసుకుంది.