విత్తు మొక్క

రష్యాలోని పావ్లొవొ ఊళ్ళో, కిటికీలో నిమ్మచెట్టు లేని ఇల్లు ఇల్లే కాదు. బయట ఓకా నది గడ్డకట్టుకుపోయినా, లోపల తొట్లలో చెట్లు పూస్తాయి, కాస్తాయి. కొమ్మ కోసి, తడి ఇసుకలో గుచ్చి, పైన గాజుసీసా బోర్లిస్తే వేరు పోస్తుంది. మూడు నాలుగేళ్ళలో కాయ చూడొచ్చు. కోడలికి ఆ కొమ్మ అత్త తన చేత్తో ఇవ్వాలి. ఇచ్చిన రోజు నుంచే కోడలు ఆ ఇంటి మనిషి.

నొన్నా అస్త్రఖాన్ పిల్ల, పుచ్చకాయలు పండే చోటునుంచి వచ్చింది. నిమ్మ గురించి ఓనమాలు తెలియవు. అత్త కపితొలీనా చెట్టేమో కిటికీ నిండా పరుచుకుని ఉండేది. దాన్నుంచి ఊళ్ళో ఎవరికీ ఒక్క రెమ్మ ఇచ్చిన పాపాన పోలేదు ఆ మహాతల్లి. అలాంటిది, పెళ్ళయిన ఏడాదికి ఓ చిన్న కుండీ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"నా చెట్టు కొమ్మే. ఇప్పుడే వేరు పట్టింది. జాగ్రత్తగా చూసుకో."

నొన్నా సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

ఇక ఆ సేవ చూడాలి. మంచు కరిగించి, గోరువెచ్చగా చేసి పోసేది. ఆకులు ఒక్కొక్కటే దూదితో తుడిచేది. చలి ముదిరిన రోజుల్లో తన దుప్పటి కుండీకి చుట్టి తాను వణుకుతూ పడుకునేది. మొక్క ఏపుగా పెరిగింది, వేలెడేసి ముళ్ళు వేసింది. ఏళ్ళు గడిచినా పూత లేదు. వచ్చిన చుట్టుపక్కలవాళ్ళు ఆ ముళ్ళు చూసి, ఒకరి మొహాలొకరు చూసుకుని, టీ తాగి వెళ్ళిపోయేవారు. లోపం తన చేతిలోనే ఉందని నొన్నా కుమిలిపోయేది.

అత్త పుట్టినరోజు విందులో వోద్కా రెండు గ్లాసులు పడ్డాక అసలు సంగతి బయటపడింది.

"ఇంకెన్నాళ్ళే దానికి ఊడిగం?" అంది కపితొలీనా. "కొట్లో కొన్న కాయ గింజ అది. నా టీ గ్లాసులోంచి తీసి నాటాను. విత్తు మొక్క. నువ్వు ముసలిదానివయ్యాక కాస్తుందేమోలే."

బల్ల చుట్టూ అందరూ విరగబడి నవ్వారు.

"మేం మొదట్లోనే పోల్చుకున్నాం. ముల్లు చూస్తే తెలీదూ?" అంది పక్కింటి ఫైనా.

మొగుడు రొదియోన్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మ సరదాకి చేసిందిలే నొన్నా."

నొన్నా కూడా నవ్వింది. తర్వాత లేచి గిన్నెలు కడిగింది.

ఆకురాలు కాలంలో కపితొలీనాకు పక్షవాతం వచ్చి, మాటా కుడిపక్కా పడిపోయాయి. చెట్టు కనబడేలా మంచం కిటికీ దగ్గర వేయమని రొదియోన్ అంటే నొన్నా వేసింది. వేళకు తినిపించింది, ఒళ్ళు తుడిచింది. డిసెంబరులో ఫైనాని పిలిచి కత్తెర తీసింది.

"అత్తయ్య మీకో కొమ్మ ఇమ్మని సైగ చేశారు."

"నాకా? కపితొలీనా అక్కా?" ఫైనా నమ్మలేకపోయింది. "ఈ చీకటి రోజుల్లో కోస్తే వేరు పొయ్యదే. చెట్టుకీ దెబ్బే. ఎండలొచ్చేదాకా ఆగొచ్చుగా."

"అందాకా ఉంటానో లేదోనని ఆవిడ భయం."

మంచంమీంచి గొంతులో గురగుర వినిపించింది. ఎడమచెయ్యి దుప్పటిని దబదబా బాదింది.

"చూశారా, ఎంత సంతోషపడుతున్నారో," అంది నొన్నా.

ఫైనా కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆ చేతిని ముద్దుపెట్టుకుంది.

మాట ఊరంతా పాకింది. రోజూ ఎవరో ఒకరు రావడం, కత్తెర ఆడడం, మంచం దగ్గర వంగి దండాలు పెట్టడం. నిన్నటిదాకా పిసినారి అన్న నోళ్ళే దేవత అన్నాయి. ముసలామె కళ్ళు తిప్పుకోనైనా తిప్పుకోలేక ప్రతి కొమ్మ తెగడం చూసింది. కొత్త సంవత్సరం నాటికి తొట్లో మోడు మిగిలింది. ఊళ్ళో సీసాల కింద కొమ్మలు కుళ్ళడం మొదలైంది.

"అన్నీ పంచేశావు, నీకంటూ ఒకటి ఉంచుకోలేదేమే?" అని అడిగింది ఫైనా.

"నాకు అత్తయ్య ఎప్పుడో ఇచ్చారుగా."

ఫైనా చూపు ముళ్ళచెట్టు మీదికి పోయింది. శాలువా చుట్టుకుని, వీడ్కోలైనా చెప్పకుండా వెళ్ళిపోయింది.

నొన్నా సూప్ గిన్నె తెచ్చి మంచం పక్కన కూర్చుంది. ముసలామె పళ్ళు బిగించి నోరు మూసుకుంది. నొన్నా బతిమాలలేదు. గిన్నె పక్కన పెట్టి అల్లిక పని అందుకుంది. పొద్దు గూకాక ఆకలికి తాళలేక ముసలామె తనే నోరు తెరిచింది.

"చల్లారిపోయింది అత్తయ్యా," అంటూ నొన్నా చెంచా అందించింది.